భోజనప్రియులు – బరువు

బరువు తగ్గదలచిన విద్యార్థి మొదట ఉదయపు ఫలహారము మానివేయును. పగలంతయు ఆకలిని అణచి, రాత్రి రెండింతలు తినును. భోజనప్రియులమైన మనకు ఈ ఉపాయము పొసగదు. అట్లని ఊరకుండుటకును వీలులేదు. మన దేశీయులకు కొద్దిపాటి అధిక బరువుతోనే నడుము చుట్టు కొవ్వు చేరి మధుమేహమునకు దారితీయుచున్నది.

చింతలపూడి మెట్ట ప్రాంతమైనను కొల్లేటి చేపలకు కొదువలేదు. కొరమీనులో కొవ్వు స్వల్పము, మాంసకృత్తులు మెండు. చిక్కంతయు వేపుడుతో వచ్చుచున్నది. గ్రాము మాంసకృత్తులు గాని పిండిపదార్థము గాని 4 కెలోరీలిచ్చును; గ్రాము నూనె 9 ఇచ్చును. పెద్ద చెంచాడు నూనె దాదాపు 120 కెలోరీలు. నువ్వుల నూనెయైనను, మన చుట్టునున్న ఆయిల్‌పామ్ తోటల నూనెయైనను లెక్క ఒకటే. అదే చేపను పులుసు పెట్టినచో రుచి చింతపండు, మెంతుల వలన వచ్చును. నూనె కొంచెము చాలును. మన ఊరి పేరులో చింత ఉండనే ఉన్నది కదా!

ఇక అన్నము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములు దినమునకు కావలసిన శక్తిలో ధాన్యముల వాటా 45 శాతము మించరాదనుచున్నవి. మన పళ్లెములో అన్నపు రాశిని చూచినచో ఆ హద్దు ఎంత దూరమో తెలియును. అన్నము మాననక్కరలేదు, పప్పు, ఆకుకూర ముందు వడ్డించుకొని, మిగిలిన చోటున అన్నము పెట్టుకొనిన చాలును. దావత్‌లో బిరియానీ వద్దనుట మర్యాద కాదు. ఒక పళ్లెము తృప్తిగా తిని, మారు వడ్డించ వచ్చినవారికి చేయి అడ్డము పెట్టవలెను. డబల్ కా మీఠా విషయమున మాత్రము మేమింకను నిర్ణయమునకు రాలేదు.