చేయి మరువదు, చర్మం మరచిపోతుంది

కళాశాల రోజుల్లో నేర్చిన వాద్యాన్ని ఉద్యోగం, సంసారం, ప్రవాసం మూలంగా మూలన పెట్టినవారు మన తెలుగువారిలో చాలామందే ఉన్నారు. నలభై దాటాక దానిని మళ్ళీ చేతిలోకి తీసుకోవాలన్న కోరిక కలుగుతుంది. ఆ వెంటనే "ఇన్నాళ్ళకు ఇక వస్తుందా?" అన్న సందేహమూ కలుగుతుంది. ఈ సందేహానికి విజ్ఞానశాస్త్రం ఇచ్చే సమాధానంలో ఆశ ఉంది, ఒక హెచ్చరికా ఉంది. నాకు పరిచయమున్న బేస్ గిటార్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తయారుచేసిన 'ప్రెసిషన్ బేస్' ఈ వాద్యానికి విస్తృత ప్రచారం కల్పించింది. ఇళయరాజా పాటలను శ్రద్ధగా విన్నవారికి గాత్రం క్రింద నడిచే దీని మంద్రనాదం సుపరిచితమే. దీని నాలుగు తీగలలో అన్నిటికన్నా లావుపాటిది సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత మంద్రస్వరం పలకాలంటే తీగ బరువుగా ఉండాలి, కాని కడ్డీలా బిరుసుగా ఉండరాదు. అందువల్ల సన్నని ఉక్కు తీగ చుట్టూ మరొక లోహపు తీగను దగ్గరగా చుడతారు. ఒక్కొక్క తీగ మీది బిగింపు సుమారు 20 కిలోల బరువుకు సమానం. ఎడమచేతి వేళ్ళు ఎదుర్కొనవలసినది ఈ బిగింపునే.

పద్దెనిమిదేళ్ళ విరామం తరువాత నేను ఈ వాద్యాన్ని పట్టినపుడు, స్వరాల పేర్లు మనసుకు తట్టకముందే వేళ్ళు వాటి స్థానాలను చేరుకున్నాయి. ఇందులో మహిమ ఏమీ లేదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకునికి మూర్ఛరోగ నివారణకై మెదడులో శస్త్రచికిత్స జరిగింది. తరువాత ఆయనకు కొత్త సంఘటనలేవీ జ్ఞాపకం ఉండేవి కావు. అయినప్పటికీ, అద్దంలో చూస్తూ నక్షత్రపు బొమ్మ గీయమని బ్రెండా మిల్నర్ అభ్యాసం చేయించగా, మూడు రోజులలో ఆయన చేయి ఆ పనిలో ఆరితేరింది. అంతకు ముందు చేసిన సంగతి మాత్రం ఆయనకు గుర్తులేదు! సంఘటనల జ్ఞాపకానికీ, చేతి నేర్పుకూ మెదడులో వేర్వేరు ఏర్పాట్లున్నాయని ఈ పరిశీలన తేటపరచింది. చేతి నేర్పులో చిన్నమెదడుకు ముఖ్యపాత్ర ఉంది. అలా స్థిరపడిన నేర్పు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. వేగమూ, లయలోని కచ్చితత్వమూ తగ్గినా, రెండవసారి నేర్చుకోవడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.

చర్మం సంగతి అలా కాదు. తీగల ఒత్తిడికీ రాపిడికీ వేలికొనల పైపొరలో కెరటిన్ అనే ప్రోటీన్‌తో నిండిన మృతకణాలు దట్టంగా పేరుకుంటాయి. దీనినే మనం 'కాయలు కాయడం' అంటాం. వీణ వాయించేవారికి ఇది అనుభవమే. చర్మపు పైపొర కొద్ది వారాలలో రాలిపోయి కొత్తది వస్తుంటుంది కనుక, సాధన ఆగితే కాయలూ పోతాయి. కండరాల బలమూ క్రమంగా తగ్గుతుంది. కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులకు రక్తప్రసారం స్వల్పం. అందువల్ల అవి కండరాల కంటే నెమ్మదిగా బలపడతాయి.

ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది. వాయించవలసిన తీరు చేతికి గుర్తున్నది, దానిని భరించే శక్తి ఆ చేతికి ఇంకా రాలేదు. పాత ఉత్సాహంతో తొలినాడే రెండు గంటలు వాయిస్తే మణికట్టు నొప్పితో నెలల తరబడి ఆగిపోవలసి రావచ్చు. రోజుకు పది పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి, వారాల మీద పెంచుకోవడమే శ్రేయస్కరం. వేలికొన మంట సహజం. మణికట్టు నొప్పి గాని, వేళ్ళలో తిమ్మిరి గాని వస్తే వెంటనే ఆపాలి, తగ్గకపోతే వైద్యుని సంప్రదించాలి.

తీగలనూ మరువరాదు. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు లోహాన్ని తినివేస్తాయి. చుట్ల సందుల్లో చేరిన జిడ్డు, మురికి పై స్వరాంశాలను అణచివేసి నాదాన్ని మొద్దుబార్చుతాయి. పాత తీగలతో వాయించి "నా వాయిద్యం చెడిపోయింది" అని నిరాశపడేవారు ముందు తీగలు మార్చి చూడాలి.

జ్ఞాపకం బ్యాంకులో వేసుకున్న సొమ్ము వంటిది, చర్మమూ బలమూ దినవెచ్చం వంటివి. మొదటిది భద్రంగానే ఉన్నది. రెండవదానిని ఏ రోజుకారోజు సంపాదించుకోవలసిందే. 'అభ్యాసం కూసువిద్య' అన్న మన పెద్దల మాట మొదట నేర్చేవారికే కాదు, మళ్ళీ మొదలుపెట్టేవారికీ వర్తిస్తుంది.