కళాశాల విందులు, మద్యం: యాజమాన్యాల బాధ్యత ఎంతవరకు?

సూర్యాపేట: ఫ్రెషర్స్ డే, వార్షికోత్సవం, వీడ్కోలు సభ వంటివి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల కళాశాలల్లో ఏటా జరిగే వేడుకలే. వేదికపై కార్యక్రమాన్ని అధ్యాపకులు పర్యవేక్షిస్తారు. చిక్కంతా సభ ముగిసిన పిదప వసతిగృహపు గదిలోనో, ఊరి వెలుపలి ధాబాలోనో సాగే రెండవ విందుతోనే.

2022 నూతన సంవత్సర ఆరంభంలో సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల వసతిగృహంలో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకరిని రాత్రివేళ సీనియర్లు గదికి పిలిపించి, దుస్తులు విప్పించి, తల గొరిగేందుకు ప్రయత్నించారని, వారు మద్యం సేవించి ఉన్నారని ఆరోపణలు వచ్చాయి. విషయం విద్యార్థి కుటుంబం ద్వారా పోలీసులకు చేరింది. విచారణ అనంతరం ఆరుగురు విద్యార్థులను ఏడాదిపాటు సస్పెండ్ చేసి, వసతిగృహం నుండి శాశ్వతంగా తొలగించారు.

ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుండి అమలులో ఉన్నది. ఫిర్యాదు అందిన తరువాత చర్య తీసుకొనని సంస్థాధిపతిని నేరానికి తోడ్పడిన వ్యక్తిగా ఈ చట్టం పరిగణిస్తుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో జారీ చేసిన నిబంధనలు వసతిగృహాల ఆకస్మిక తనిఖీని, వార్డెన్ అన్ని వేళలా ఫోనులో అందుబాటులో ఉండడాన్ని తప్పనిసరి చేశాయి. ప్రాంగణం వెలుపల జరిగే ర్యాగింగ్‌కు, విద్యార్థుల రవాణా వాహనాలకు సైతం ఇవి వర్తిస్తాయి. కావున జూనియర్లచేత బలవంతంగా మద్యం తాగించిన సందర్భంలో, గేటు బయట జరిగినది మాకు సంబంధం లేదన్న వాదన నిలువదు.

స్వచ్ఛందంగా తాగిన సందర్భం వేరు. తెలంగాణలో 21 సంవత్సరాలు నిండనివారికి మద్యం విక్రయించరాదు. డిగ్రీ, ఇంజనీరింగ్ తరగతుల్లో అత్యధికులు ఈ వయసుకు లోపువారే. ఇంటర్మీడియట్ విద్యార్థుల విషయం మరింత తీవ్రమైనది. 18 ఏళ్లలోపు వారికి మద్యం ఇచ్చినవారికి బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం 7 సంవత్సరాల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలో పొంచి ఉన్నది. సూర్యాపేట, కోదాడ 65వ జాతీయ రహదారిపై ఉండగా, మిర్యాలగూడ మీదుగా అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి సాగుతుంది. అర్ధరాత్రి లారీల నడుమ ద్విచక్ర వాహనంపై ముగ్గురేసి వెళ్లే దృశ్యం ఇక్కడివారికి కొత్త కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే వాహనం నడపడం నేరం. 2019 సవరణ అనంతరం తొలిసారి పట్టుబడినా 10,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు లేదా రెండూ విధించవచ్చు. వేడుకకు అనుమతినిచ్చే ప్రిన్సిపాల్ ముగింపు వేళను, తిరుగు బస్సును కూడా అప్పుడే నిర్ణయించడం మేలు.

శిక్ష ఒక్కటే మార్గమని భావించే కళాశాలల్లో మరొక ముప్పు ఉన్నది. స్పృహ తప్పిన మిత్రుని గదిలో పడుకోబెట్టి, తోటివారు భయంతో తలుపు వేసుకొంటారు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం పోవడానికి ఎక్కువ సేపు పట్టదు. అట్టి విద్యార్థిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా విడువరాదు, వెంటనే 108కు ఫోన్ చేయాలి. సహాయం కోరినవారిపై తొందరపాటు చర్య ఉండదని యాజమాన్యం ముందే ప్రకటిస్తే ఆ ఫోన్ ఆలస్యం కాదు. ర్యాగింగ్ ఫిర్యాదులకు జాతీయ సహాయ కేంద్రం నంబరు 1800-180-5522.