తూటా ఒకటి... ప్రశ్నలు రెండు!

2015 జులై 1, సాయంత్రం. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో సముద్రంలోకి కట్టిన నడకదారి... పియర్‌ 14. తండ్రి పక్కన కబుర్లు చెబుతూ నడుస్తోంది 32 ఏళ్ల కేట్‌ స్టైన్‌లీ. ఉన్నట్టుండి తుపాకీ పేలిన చప్పుడు. కేట్‌ కుప్పకూలింది. సాయం చెయ్యమని నాన్నను అడగడమే ఆమె ఆఖరి మాట.

కాసేపటికే నిందితుడు దొరికాడు. పేరు హోసే ఇనెస్‌ గార్సియా జరాటే. మెక్సికో దేశస్థుడు. అమెరికా అతణ్ని అప్పటికి అయిదుసార్లు వెనక్కి పంపింది. అయిదుసార్లూ మళ్లీ సరిహద్దు దాటి వచ్చేశాడు. అదే సమయంలో అక్రమ వలసలనే అస్త్రంగా చేసుకుని అధ్యక్ష పదవికి బరిలోకి దిగారు డొనాల్డ్‌ ట్రంప్‌. ఆయన అభ్యర్థిత్వం ప్రకటించి రెండు వారాలే అయింది. ఇక చెప్పేదేముంది... కేట్‌ పేరు దేశమంతా మార్మోగింది.

ఎలా బయటికొచ్చాడు?

అక్రమంగా తిరిగొచ్చినందుకు ఫెడరల్‌ జైల్లో శిక్ష అనుభవించాడు జరాటే. అది పూర్తయ్యాక 2015 మార్చిలో అధికారులు అతణ్ని శాన్‌ఫ్రాన్సిస్కోకి అప్పగించారు. ఎందుకంటే, అక్కడ ఎప్పుడో ఇరవై ఏళ్లనాటి గంజాయి కేసొకటి ఉంది. అంత పాత కేసు నిలుస్తుందా! కొట్టేశారు. విడిచిపెట్టేముందు మాకు చెప్పండని ఇమిగ్రేషన్‌ అధికారులు అంతకుముందే కోరారు. షెరీఫ్‌ కార్యాలయం చెప్పకుండానే ఏప్రిల్‌ 15న వదిలేసింది.

కారణం, శాన్‌ఫ్రాన్సిస్కో 1989 నుంచీ ‘శాంక్చురీ సిటీ’. వలసదారుల్ని పట్టిచ్చే పని స్థానిక పోలీసులది కాదన్నది అక్కడి విధానం. పోలీసంటే భయముంటే, దోపిడీకి గురైన వలసదారు ఫిర్యాదు చెయ్యడానికి వస్తాడా అన్నది దాని వెనకున్న ఆలోచన. అందులో న్యాయముంది. కానీ అయిదుసార్లు పంపించేసిన మనిషి విషయంలో ఒక్క ఫోన్‌ కాల్‌ కూడా చెయ్యకూడదా అని అడిగేవారికి సూటి జవాబు దొరకలేదు.

కోర్టులో మరో కథ

విచిత్రమేమిటంటే, ఈ గొడవంతా జ్యూరీ చెవిన పడలేదు. అతడి వలస చరిత్రను కోర్టులో చెప్పనివ్వలేదు. అక్కడ తేల్చాల్సింది ఒక్కటే... తూటా ఎలా పేలింది?

ఆ పిస్టల్‌ ఒక ఫెడరల్‌ రేంజర్‌ది. నాలుగు రోజుల ముందు అతడి కారులోంచి చోరీ అయింది. కుర్చీ కింద గుడ్డలో చుట్టి కనిపిస్తే తీశాడనీ, చేతిలో దానంతటదే పేలిందనీ డిఫెన్స్‌ లాయర్ల వాదన. ట్రిగ్గర్‌ నొక్కనిదే ఆ తుపాకీ పేలదని ప్రాసిక్యూషన్‌ ప్రతివాదన. అయితే తూటా ముందు కాంక్రీటు నేలకు తగిలి, ఎగిరి, ఇంకో 78 అడుగులు వెళ్లి కేట్‌ వీపులో దిగింది. గురిపెట్టి చంపాలనుకున్నవాడు నేలను కాలుస్తాడా!

2017 నవంబరు 30న తీర్పొచ్చింది. హత్య కాదు. ఉద్దేశం లేకుండా జరిగిన నరహత్య కూడా కాదు. అక్రమంగా తుపాకీ పట్టుకోవడం ఒక్కటే నేరం. తీర్పు సిగ్గుచేటన్నారు అప్పటికే అధ్యక్షుడైన ట్రంప్‌. హత్య కాదంటే అర్థం చేసుకోవచ్చు. కనీసం నిర్లక్ష్యానికైనా శిక్ష లేదా అన్నదే సామాన్యుడికి మింగుడుపడలేదు. మన దగ్గర జ్యూరీలు పోయి దశాబ్దాలైంది. ఇక్కడ జడ్జి కారణాలు రాస్తారు, చదువుకోవచ్చు. జ్యూరీ చెప్పేది మాత్రం దోషా, నిర్దోషా... అంతే.

మిగిలిన ఆ ఒక్క నేరాన్నీ 2019లో అప్పీలు కోర్టు కొట్టేసింది. నగరంపై కేట్‌ కుటుంబం వేసిన దావా కూడా అదే ఏడాది వీగిపోయింది. చివరికి ఫెడరల్‌ తుపాకీ కేసులో జరాటే నేరం ఒప్పుకున్నాడు. భారతీయ మూలాలున్న జడ్జి విన్స్‌ ఛాబ్రియా 2022 జూన్‌లో శిక్ష వేశారు... అప్పటికే జైల్లో గడిపిన ఏడేళ్లు!

తీర్పు దాకా ఎందుకు?

వెనక్కి పంపాక మళ్లీ వచ్చేవారికి శిక్ష పెంచాలన్న ‘కేట్స్‌ లా’ 2017లో ప్రతినిధుల సభను దాటింది, సెనేట్‌ను దాటలేకపోయింది. ఆ తర్వాత 2024లో జార్జియాలో లేకెన్‌ రైలీ అనే నర్సింగ్‌ విద్యార్థిని హత్యకు గురైంది. హంతకుడు వెనెజువెలా నుంచి అక్రమంగా వచ్చినవాడు. అంతకుముందే దుకాణంలో దొంగతనం కేసులో పట్టుబడ్డాడు కూడా. అతడికి జీవితఖైదు పడింది. ఆమె పేరుతో వచ్చిన చట్టంపై 2025 జనవరిలో ట్రంప్‌ సంతకం చేశారు. దాని ప్రకారం, అనుమతి లేకుండా ఉంటున్న వ్యక్తి చిన్నపాటి దొంగతనం కేసులో అరెస్టయినా నిర్బంధించాల్సిందే. నేరం రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు.