ఎదురుకాళ్ళ కాన్పు

ఎదురుకాళ్ళ కాన్పు అనగా గర్భంలోని శిశువు తల పైకి, పిరుదులు లేదా పాదాలు క్రిందికి ఉండి, అవే ముందుగా బయటికి వచ్చే కాన్పు. వైద్యులు దీనిని బ్రీచ్ అంటారు. నెలలు నిండిన ప్రతి నూరు కాన్పులలో సుమారు మూడు నాలుగింటిలో శిశువు ఈ విధంగా ఉంటుంది. ఇది తల్లి చేసిన తప్పు వలన కలిగేది కాదు, శిశువు జాతకదోషమూ కాదు. ముందుగా తెలిసినచో తల్లీబిడ్డలు చాలావరకు క్షేమంగానే ఉంటారు. నొప్పులు మొదలైన తరువాత తెలిసినపుడే ప్రమాదం పెరుగుతుంది.

రకాలు

శిశువు కాళ్ళు ఉన్న తీరునుబట్టి దీనిని మూడు రకాలుగా విభజిస్తారు.
1. కాళ్ళు రెండూ ముఖం వైపునకు చాచి, పిరుదులు క్రిందికి ఉండటం. ఎక్కువగా కనిపించేది ఈ రకమే.
2. మోకాళ్ళు ముడుచుకొని, మఠం వేసుకొన్నట్లు ఉండటం.
3. ఒకటి లేదా రెండు పాదాలు క్రిందికి జారి ఉండటం. ఈ రకంలో ఉమ్మనీరు పోయినపుడు బొడ్డుతాడు ముందుగా జారే ప్రమాదం ఎక్కువ.

కారణాలు

ఏడవ నెల ఆరంభంలో దాదాపు నాలుగవ వంతు శిశువులు తల పైకే ఉంటారు. నెలలు నిండేకొద్దీ చాలామంది వారంతట వారే తిరుగుతారు. అందువలన నెలలు నిండక ముందే జరిగే కాన్పులలో ఈ స్థితి ఎక్కువగా కనిపిస్తుంది. కవల పిల్లలు, ఉమ్మనీరు మరీ ఎక్కువగా లేదా తక్కువగా ఉండటం, మాయ క్రిందికి ఉండటం, గర్భాశయ ఆకారంలో తేడాలు, గర్భాశయంలో గడ్డలు, శిశువులో కొన్ని అవయవ లోపాలు ఇతర కారణాలు. చాలామందిలో ఏ కారణమూ కనిపించదు. వంగి పనిచేయడం వలన గాని, ఒక ప్రక్కకు తిరిగి పడుకోవడం వలన గాని శిశువు అడ్డం తిరుగుతుందనుటకు ఆధారం లేదు.

గుర్తించడం

36 వారాలు నిండిన తరువాత వైద్యులు లేదా ఆరోగ్య కార్యకర్త పొట్టను తడిమి చూసినపుడు గట్టిగా, గుండ్రంగా ఉండే తల పైభాగాన తగులుతుంది. స్కానింగుతో నిర్ధారిస్తారు. అయిదవ నెల స్కానింగులో బిడ్డ ఎదురుగా ఉన్నదని వ్రాసినంత మాత్రాన భయపడనక్కరలేదు. ఆ నెలలో తల క్రిందికి ఉన్నదని వ్రాసినా, తొమ్మిదవ నెల పరీక్ష మానరాదు.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఈ చివరి పరీక్ష తప్పిపోవుటకు అవకాశం ఎక్కువ. ఇక్కడ పత్తితీతలు, మిరపకోతలు ప్రధానంగా స్త్రీల పనులు. పత్తితీతలు శీతకాలంలోను, మిరపకోతలు ఆ తరువాత ఏప్రిల్ వరకు సాగుతాయి. మార్కాపురం, యర్రగొండపాలెం ప్రాంతాల నుండి, కర్నూలు వైపు నుండి కూలీలు ముఠాలుగా వచ్చి కోతల కాలమంతా పొలాల వద్దనే ఉంటారు. గర్భిణి పేరు నమోదైన ఊరు ఒకటి, పని చేసే ఊరు మరొకటి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆచారం వలన కూడా ఇదే చిక్కు వస్తుంది. కావున మాతా శిశు సంరక్షణ కార్డును, స్కానింగు కాగితాలను వెంట ఉంచుకొని, ఉన్న ఊరి ఆశా కార్యకర్తకు లేదా ఏ.ఎన్.ఎం.కు చూపించుకోవలెను.

శిశువును తిప్పడం

36-37 వారాల తరువాత వైద్యులు పొట్టపై చేతులతో ఒత్తి శిశువును తలక్రిందికి తిప్పే పద్ధతి ఉన్నది. ఇది సుమారు సగం మందిలో ఫలిస్తుంది. స్కానింగు, శిశువు గుండె చప్పుడు పరీక్ష, అవసరమైతే వెంటనే శస్త్రచికిత్స చేసే ఏర్పాటు ఉన్న ఆసుపత్రిలోనే దీనిని చేయాలి. కవలలు ఉన్నపుడు, మాయ క్రిందికి ఉన్నపుడు, రక్తస్రావం కనిపించినపుడు చేయరాదు. మంత్రసాని చేత నూనె రాయించి పొట్ట తిప్పించుకోవడం ప్రమాదకరం.

కాన్పు జరిగే తీరు

మామూలు కాన్పులో పెద్దదైన తల ముందుగా వచ్చి దారి చేస్తుంది. ఎదురుకాళ్ళ కాన్పులో అది చివరకు వస్తుంది. తల చిక్కుకొన్నా, బొడ్డుతాడు నొక్కుకొన్నా శిశువుకు ప్రాణవాయువు అందదు. కెనడా వైద్యురాలు మేరీ హన్నా బృందం 26 దేశాలలో 2,088 మంది గర్భిణులపై చేసిన అధ్యయనం 2000లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. శిశుమరణం లేదా తీవ్ర అనారోగ్యం ముందుగా నిర్ణయించిన సిజేరియన్‌లో 1.6 శాతం, సహజ కాన్పుకు ప్రయత్నించినవారిలో 5 శాతం ఉన్నట్లు తేలినది. ఆ తరువాత చాలా దేశాలలో సిజేరియన్ వాడుక అయినది. అయితే ఆ పిల్లలలో కొందరిని రెండేళ్ళ వయసులో పరిశీలించగా, మరణాలు, ఎదుగుదల లోపాలు కలిపి చూసినపుడు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదని 2004లో ప్రకటించారు. అనుభవజ్ఞులైన వైద్యులు, తగిన సదుపాయాలు ఉన్నచోట, శిశువు బరువు, స్థితి అనుకూలంగా ఉన్నపుడు సహజ కాన్పు కూడా సాధ్యమే.

ఉమ్మనీరు పోయినచో నొప్పుల కొరకు వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డుతాడు బయట కనిపించినచో దానిని లోపలికి నెట్టరాదు. తల్లిని మోకాళ్ళు, మోచేతులపై వంచి, నడుము ఎత్తుగా ఉంచి 108 వాహనాన్ని పిలవాలి. ఈ సేవ రాష్ట్రంలో 2005 ఆగస్టులో ప్రారంభమైనది.

గుంటూరులో స్త్రీ వైద్యం

1883లో అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చిన వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో ఇక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి నెలకొల్పినది. అది నేడు కుగ్లర్ ఆసుపత్రిగా ప్రసిద్ధం. 1946లో గుంటూరు వైద్య కళాశాల ఏర్పడినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. కనుక నేడు ఆసుపత్రికి చేరడం కన్నా, నొప్పులకు ముందే శిశువు స్థితి తెలిసి తగిన ఆసుపత్రికి చేరడం ముఖ్యమైన విషయమైనది.

పుట్టిన శిశువు ఆరోగ్యం

ఎదురుగా ఉన్న శిశువులలో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. పిరుదులపై, జననాంగాలపై వాపు, కమిలిన మచ్చలు కొన్ని రోజులలో తగ్గుతాయి. కాళ్ళు ముఖం వైపునకు చాచుకొని ఉన్న శిశువు పుట్టిన తరువాత కూడా కొన్నాళ్ళు అలాగే కాళ్ళు పైకి పెట్టుకొంటుంది. ఇది అవిటితనం కాదు.

జాగ్రత్తగా చూడవలసినది తుంటి కీలు. తొడ ఎముక తల గుంటలో సరిగా కుదురుకోకపోవడం ఈ పిల్లలలో, ముఖ్యంగా ఆడపిల్లలలో, ఎక్కువ. సిజేరియన్ ద్వారా పుట్టినా ఈ ప్రమాదం పూర్తిగా పోదు. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చును. కావున ఆరు వారాల వయసులో తుంటికి స్కానింగు చేయించడం మంచిది. తొలి నెలలలో గుర్తించినచో పావ్లిక్ పట్టీలతో చాలావరకు నయమవుతుంది. నడక వచ్చి కుంటి కనిపించిన తరువాత శస్త్రచికిత్స అవసరం కావచ్చును.

స్నానం పోసేటపుడు కాళ్ళను బలంగా లాగి సాగదీయడం, రెండు కాళ్ళు చేర్చి బిగుతుగా గుడ్డలో చుట్టడం తుంటి కీలుకు మంచివి కావు. కాళ్ళు ఎడంగా కదిలేటట్లు వదులుగా చుట్టాలి. మెడ నిలిచిన తరువాత బిడ్డను కాళ్ళు ఎడంగా ఉండేటట్లు చంకనెత్తుకొనే మన అలవాటు తుంటికి అనుకూలమైనది.

పాలు త్రాగకపోవడం, నిమిషానికి 60 లేదా అంతకు మించిన శ్వాస, డొక్కలు ఎగరేయడం, ఒళ్ళు చల్లబడటం లేదా జ్వరం, ఫిట్స్, అరచేతులు అరికాళ్ళు పసుపుపచ్చగా మారడం, ఒక చేయి కదల్చకపోవడం కనిపించినచో ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి.

నమ్మకాలు

ఎదురుకాళ్ళతో పుట్టినవారు నడుము పట్టినవారిని కాలితో తాకితే నొప్పి పోతుందని తెలుగునాట ఒక నమ్మకం ఉన్నది. దీనికి వైద్యపరమైన ఆధారం లేదు. అలాగే ఇటువంటి బిడ్డ మేనమామకు గండమని, ఇంటికి అరిష్టమని చెప్పడం తల్లిని నొప్పించే మాట మాత్రమే. ఆ సమయంలో ఆమెకు కావలసినవి పోషకాహారం, విశ్రాంతి, తొమ్మిదవ నెలలో ఒక పరీక్ష, బిడ్డ పుట్టిన తరువాత తుంటికి మరొక పరీక్ష.