గొలుసు కథలలో చివరి లంకె: ఏడు చేపల కథ, ప్రపంచ బాల జానపద కథలు - ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగునాట పిల్లలకు చెప్పే ఏడు చేపల కథకు వేదాంతపరమైన ప్రతీకార్థం ఒకటి విస్తృత ప్రచారంలో ఉంది. ఇటువంటి ప్రతీకార్థాలు ఇతర దేశాల గొలుసు కథలకు కూడా ఏర్పడ్డాయి. గొలుసు కథలో అర్థాన్ని ఒక్కొక్క లంకెలో వెతకడం సమంజసమా, లేక లంకెల క్రమంలోను, అవి సాగే దిశలోను వెతకాలా అన్న ప్రశ్నను యూదుల, ఆంగ్లేయుల, పశ్చిమాఫ్రికా, రష్యా కథలతోను, జాతక, పంచతంత్ర కథలతోను పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: గొలుసు కథ, ప్రతీక, పాఠాంతరం, కథానిర్మాణం, ఏడు చేపల కథ, బాలసాహిత్యం.

1. ఉపోద్ఘాతం

బాల జానపద కథలలోని ప్రతీకలను గురించిన చర్చ చాలాసార్లు ఒక పట్టికగా పరిణమిస్తుంది. అడవి భయానికి, తోడేలు మోసానికి, సవతితల్లి నిరాదరణకు, ఏడు అనే సంఖ్య పరిపూర్ణతకు ప్రతీకలని చెప్పి ముందుకు సాగడం పరిపాటి. ఈ సమీకరణాలలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇవి కథను విడి వస్తువుల సంచిగా చూస్తాయి. ఆ వస్తువు కథలో ఏ పని చేస్తున్నదో, దాని స్థానంలో మరొకటి వస్తే కథ నిలుస్తుందో లేదో పట్టించుకోవు. ఈ లోపం గొలుసు కథల విషయంలో స్పష్టంగా బయటపడుతుంది.

ఏడు చేపల కథ తెలియని తెలుగువారు అరుదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెస్తారు. వాటిని ఎండబెడితే ఒక చేప ఎండదు. ఎందుకు ఎండలేదని అడిగితే గడ్డిమేటు అడ్డు వచ్చిందంటుంది. గడ్డిమేటు ఆవు తనను మేయలేదంటుంది. ఆవు పశువులకాపరి తనను మేపలేదంటుంది. కాపరి అవ్వ తనకు బువ్వ పెట్టలేదంటాడు. అవ్వ పిల్లవాడు ఏడ్చాడంటుంది. పిల్లవాడు చీమ కుట్టిందంటాడు. చీమను అడిగితే, తన బంగారు పుట్టలో వేలు పెట్టినవాణ్ణి కుట్టకుండా ఎలా ఉంటానని అది ఎదురు ప్రశ్న వేస్తుంది. కథ అక్కడితో ముగుస్తుంది. చేప మాత్రం తడిగానే ఉంటుంది.

2. వర్గీకరణలో గొలుసు కథల స్థానం

ఫిన్లాండ్ పండితుడు ఆంటీ ఆర్నె 1910లో ప్రారంభించి, స్టిత్ థాంప్సన్ 1928లోను 1961లోను విస్తరించి, హాన్స్ యోర్గ్ ఊథర్ 2004లో సవరించిన అంతర్జాతీయ కథారూప సూచికలో గొలుసు కథలకు 2000 నుంచి 2100 వరకు సంఖ్యలు కేటాయించారు. థాంప్సన్ కథాంశ సూచికలో ఇవి ‘జడ్’ విభాగం కిందికి వస్తాయి. ఆ విభాగంలో వీటికి తోడుగా సంఖ్యల సూత్రాలు, వర్ణ ప్రతీకలు కూడా చేరడం గమనార్హం. అమెరికన్ పండితుడు ఆర్చర్ టేలర్ 1933లో ఈ కథలకు ప్రత్యేక వర్గీకరణ ప్రతిపాదించాడు. వ్లాదిమిర్ ప్రాప్ 1928లో రూపొందించిన కథానిర్మాణ సిద్ధాంతం అద్భుత కథలకు ఉద్దేశించినది. లోటు, ప్రయాణం, దాత, పోరాటం, వివాహం అనే క్రమం ఏడు చేపల కథకు వర్తించదు. ఇందులో నాయకుడే లేడు. రాజకుమారులు మొదటి వాక్యాలలో కనిపించి మాయమవుతారు. ప్రాప్ గొలుసు కథలను గురించి తరువాత విడిగా చర్చించడానికి ఈ స్వభావ భేదమే కారణం.

3. ప్రతీకార్థం: రెండు సంప్రదాయాలలో ఒకే ప్రయత్నం

ఏడు చేపల కథకు ప్రవచనాలలోను, పత్రికలలోను వినిపించే వ్యాఖ్యానం దాదాపు ఇలా సాగుతుంది: రాజు అంటే మనిషి, ఏడుగురు కొడుకులు సప్తధాతువులు, వేట జీవితం, చేపలు అరిషడ్వర్గాలూ మనస్సూ, ఎండని చేప మనస్సు. గడ్డిమేటు అజ్ఞానం, ఆవు జ్ఞానం, కాపరి గురువు, అవ్వ జగన్మాత, చీమపుట్ట సంసారం. వ్యాఖ్యాతను బట్టి ఈ జాబితాలో మార్పులు కనిపిస్తాయి. ఒకరికి కామమైనది మరొకరికి మనస్సవుతుంది.

యూదుల పస్కా పండుగ రాత్రి భోజనం చివర పాడే ‘ఖద్ గద్యా’ అనే మేకపిల్ల పాటతో దీన్ని పోల్చడం ప్రయోజనకరం. ఇది 1590లో ప్రాగ్ నగరంలో అచ్చయిన పస్కా గ్రంథంలో కనిపిస్తుంది. తండ్రి కొన్న మేకపిల్లను పిల్లి తింటుంది. పిల్లిని కుక్క కరుస్తుంది. కుక్కను కర్ర కొడుతుంది. కర్రను నిప్పు కాలుస్తుంది. నిప్పును నీరు ఆర్పుతుంది. నీటిని ఎద్దు తాగుతుంది. ఎద్దును కసాయి వధిస్తాడు. కసాయిని మృత్యుదూత, మృత్యుదూతను దేవుడు సంహరిస్తారు. ఈ పాటకూ ప్రతీకార్థం ఏర్పడింది. మేకపిల్ల ఇజ్రాయెల్ ప్రజలనీ, పిల్లి అస్సీరియా, కుక్క బాబిలోనియా, కర్ర పర్షియా అనీ, తరువాతి లంకెలు ఆ ప్రజలను ఏలిన ఇతర సామ్రాజ్యాలనీ చెప్పే వివరణ ప్రసిద్ధం. రెండు సంప్రదాయాలకూ పరస్పర సంబంధం లేదు. అయినా రెండు చోట్లా పెద్దలు పిల్లల కథను చూసి, ఇంత చిన్న కథ ఊరకే పుట్టి ఉండదని భావించారు. ఆ భావన వెనుక కథపై గౌరవం ఉంది. కథ తనంతట తాను చాలదేమోనన్న సంకోచం కూడా ఉంది.

ప్రతీకార్థాన్ని పరీక్షించడానికి జానపద విజ్ఞానంలో సులువైన సాధనం పాఠాంతరం. ఏడు చేపల కథను చెప్పేవారు గడ్డిమేటుకు బదులు గడ్డివాము, గడ్డిమోపు అంటారు. కాపరి స్థానంలో పాలేరు, గొల్లవాడు వస్తారు. అవ్వ స్థానంలో అమ్మ వస్తుంది. గొల్లవాడు శ్రీకృష్ణుడని వ్యాఖ్యానించినవారికి పాలేరు వచ్చిన పాఠంలో చిక్కు ఎదురవుతుంది. చెప్పే తల్లికి మాత్రం ఆ చిక్కు లేదు. ఆమె చేతిలో కథ ఎక్కడా తెగదు. అంటే ఆ స్థానంలో కావలసినది గొల్లవాడు కాదు, పశువును మేపే మనిషి. స్థిరంగా ఉండేది పని.

ఇదే పరీక్ష ఇతర ప్రాంతాల కథలకూ అవసరం. రష్యన్ ముల్లంగి దుంప కథలో తాత, అవ్వ, మనవరాలు, కుక్క, పిల్లి వరుసగా లాగినా ఊడిరాని దుంప చిట్టెలుక చేయి వేయగానే ఊడివస్తుంది. అల్పుల బలానికి ఎలుక ప్రతీక అని దీన్ని ఉదాహరిస్తుంటారు. కాని అఫనాస్యేవ్ 19వ శతాబ్ది మధ్యలో ప్రకటించిన సంపుటంలోని పాఠంలో ఎలుకే లేదు. కుక్క తరువాత ఒక ‘కాలు’ వస్తుంది, తరువాత మరో కాలు వస్తుంది, అయిదో కాలు వచ్చాక దుంప ఊడుతుంది. ఈ కాళ్ళు దేనికి ప్రతీకలో చెప్పడం కష్టం. బహుశా వినే పిల్లలకు ఆ ప్రశ్నే తోచి ఉండదు. వారికి కావలసినది మరొకరు వచ్చి చేరడమే. పాఠ్యపుస్తకాల ద్వారా ప్రచారమైన పాఠాన్ని మాత్రమే ఆధారం చేసుకున్న ప్రతీక చర్చ ఎంత బలహీనమో దీనివల్ల తెలుస్తుంది.

4. గొలుసు సాగే దిశ

లంకెలు మారినా మారని అంశం ఒకటుంది. అది గొలుసు సాగే దిశ. మేకపిల్ల పాట కింది నుంచి పైకి సాగుతుంది. ప్రతి లంకె ముందుదానికంటె బలమైనది. చివర పరమశక్తి నిలుస్తుంది. జోసెఫ్ జేకబ్స్ 1890లో ప్రకటించిన ఆంగ్ల కథల సంపుటిలోని ముసలమ్మ, పందిపిల్ల కథలోనూ బలప్రయోగమే సూత్రం. కంచె దాటనన్న పందిని కరవమని కుక్కను, కుక్కను కొట్టమని కర్రను, కర్రను కాల్చమని నిప్పును ముసలమ్మ అడుగుతుంది. ఎవరూ వినరు. చివరకు పిల్లి పాలు కోరుతుంది, ఆవు గడ్డి కోరుతుంది. గడ్డి అందగానే గొలుసు మొత్తం వెనుకకు తిరిగి పంది కంచె దాటుతుంది. బెదిరింపుతో జరగని పని ఇచ్చిపుచ్చుకోవడంతో జరిగింది.

పంచతంత్రంలో కాకోలూకీయంలోని ఎలుక కన్య కథ పైకి వెళ్ళి కిందికి దిగుతుంది. సూర్యుని కంటె మేఘం, మేఘం కంటె వాయువు, వాయువు కంటె పర్వతం బలమైనవి. పర్వతాన్ని తొలిచేది ఎలుక. జపాన్‌లో పిల్లలకు చెప్పే ఎలుక పెళ్ళి కథలో పర్వతం స్థానంలో గోడ వస్తుంది. అక్కడా గొలుసు అల్పజీవి దగ్గరకే చేరుతుంది. కాని రెండు కథలూ ఎవరి జాతిలో వారు ఉండటమే తగునన్న తీర్పు వైపు మొగ్గుతాయి. అల్పజీవి గెలుపుగా కనిపించేది నిజానికి కట్టుబాటుకు సమర్థన. చివరి లంకె చిన్నదైనంత మాత్రాన కథ చిన్నవారి పక్షం వహించినట్లు కాదు.

ఏడు చేపల కథకు అతి దగ్గరి బంధువులు విచారణ కథలు. 322వ జాతకంలో మారేడు పండు తాటాకు మీద పడిన చప్పుడుకు భూమి బద్దలవుతున్నదని కుందేలు పరుగెత్తుతుంది. దాని వెంట అడవిలోని మృగాలన్నీ పరుగెత్తుతాయి. బోధిసత్త్వుడైన సింహం వాటిని ఆపి, ఎవరు చూశారని ఏనుగులను అడుగుతుంది. ఒకరు మరొకరిని చూపగా విచారణ కుందేలు దగ్గరకు చేరుతుంది. సింహం స్వయంగా వెళ్ళి పండును చూసి వస్తుంది. యూరప్‌లో ఇదే అంశంతో ప్రచారంలో ఉన్న కోడిపిల్ల కథలో ఆకాశం విరిగిపడుతున్నదన్న భయం ఉంది, అడిగే సింహం మాత్రం లేదు. చాలా పాఠాలలో నక్క అందరినీ తినేస్తుంది. విచారణ లోపించిన చోట గొలుసు ఆపదగా ముగుస్తుంది.

వెర్నా ఆర్డెమా 1975లో పిల్లల కోసం తిరిగి చెప్పిన పశ్చిమాఫ్రికా కథ మరింత దగ్గరిది. దోమ చెప్పిన కోతలు భరించలేక ఉడుము జాతి జీవి చెవుల్లో పుల్లలు పెట్టుకుంటుంది. దాని మౌనానికి కొండచిలువ, కొండచిలువకు కుందేలు, కుందేలు పరుగుకు కాకి, కాకి అరుపుకు కోతి బెదురుతాయి. కోతి తొక్కిన కొమ్మ విరిగి గుడ్లగూబ పిల్ల చనిపోతుంది. దుఃఖంలో ఉన్న గుడ్లగూబ సూర్యుణ్ణి పిలవదు. తెల్లవారదు. సింహరాజు కొలువు తీర్చి ఒక్కొక్కరినీ అడిగి దోమ వద్దకు చేరుతాడు. దోషి దోమ. దానికి శిక్ష చెంపదెబ్బ.

కుట్టే పురుగు చివరి లంకె కావడం ఈ కథకూ తెలుగు కథకూ సమానం. అయితే ఆఫ్రికా కథలో అల్పజీవి నేరస్థురాలు, తెలుగు కథలో వాది. చీమకు ఇల్లు ఉంది. ఆ ఇంటిలోకి వేలు వచ్చింది. విచారణ ఆమె ముందు నిలిచినప్పుడు ఆమె క్షమాపణ చెప్పదు, మరొకరిని చూపదు. అంతవరకు ప్రతి ఒక్కరూ తప్పును పక్కవారి మీదికి నెట్టారు. చీమ ఒక్కతే తన చర్యకు తాను జవాబు చెప్పింది. ఆ జవాబు తెలుగువారి వాడుకలో సామెతగా స్థిరపడటం యాదృచ్ఛికం కాదు.

ఈ దృష్టితో చూస్తే మధ్య లంకెలకూ పొందిక కనిపిస్తుంది. పైన రాజకుమారుల వేట వినోదం ఉంది. కింద ఆవు, కాపరి ఆకలి, వంటింటి పని, చంటిపిల్లవాడి ఏడుపు ఉన్నాయి. రాజుగారి చేప ఎండకపోవడానికి పనివాడికి వేళకు బువ్వ అందకపోవడం ఒక కారణమని కథ పిల్లల భాషలో చెబుతున్నది. యజమాని ఇంటి బువ్వపై పాలేరు బతుకు ఆధారపడిన వ్యవసాయ సమాజంలో ఇది నిత్యానుభవం. వేదాంత వ్యాఖ్యానంలో అదృశ్యమయ్యేది ఈ అన్నమే. కాపరి గురువైతే అతని ఆకలికి అర్థం వెతకడం వ్యాఖ్యాతకు భారమవుతుంది. ఇది కూడా ఒక వ్యాఖ్యానమే అన్న ఆక్షేపణ న్యాయమైనదే. కాకపోతే పాలేరు వచ్చినా గొల్లవాడు వచ్చినా, అవ్వ వచ్చినా అమ్మ వచ్చినా ఇది చెక్కుచెదరదు.

5. సంఖ్య, ధ్వని

ఏడు అనే సంఖ్యను గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. గ్రిమ్ సోదరుల కథలో తోడేలు ఏడు మేకపిల్లల ఇంటికి వస్తుంది. అందులో దాక్కుని బతికిన ఏడవ పిల్ల కథను నడిపిస్తుంది. తెలుగు కథలోనూ ఆరింటి నుంచి వేరుపడిన ఒక్కటే కథకు ప్రాణం. ఏడు ఇక్కడ పవిత్ర సంఖ్యగా కాక, ఒకటిని వేరుచేసి చూపడానికి తగినంత పెద్ద సంఖ్యగా పనిచేస్తున్నది. డెన్మార్క్ పండితుడు ఆక్సెల్ ఓల్రిక్ జానపద కథనానికి మూడు సంఖ్య ఒక నియమమని ప్రతిపాదిస్తూనే, భారతీయ కథలలో దాని స్థానంలో నాలుగు కనిపిస్తుందని గుర్తించాడు. సంఖ్యా ప్రతీకలు సార్వత్రికమని చెప్పేవారికి ఈ మినహాయింపు ఒక హెచ్చరిక.

ధ్వని సంగతి వేరు. ఇల్లు అలుకుతూ పేరు మరచిన ఈగ తన పేరేమిటని కనిపించిన వారినల్లా అడుగుతూ వెళ్ళి, చివరకు గుర్రం సకిలింపులో పేరు వింటుంది. జవాబు అర్థంలో లేదు, శబ్దంలో ఉంది. సకిలింపులో ఈగ పేరు వినిపించని భాషలోకి ఈ కథను అనువదించలేరు. తమిళంలో ఈగను ‘ఈ’ అంటారు కనుక అక్కడ ఈ కథ హాయిగా చెల్లుతున్నది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఈ గొలుసును ఒక గృహిణి జీవితానికి అన్వయించి, ఇంటిపనిలో పేరు పోగొట్టుకున్న స్త్రీని చూపారు. ఆ కథలో ఈగకు కొత్త ప్రతీకార్థం పైనుంచి అతికించలేదు. అలకడం, మరవడం, అడుగుతూ తిరగడం అన్న పనులు జానపద కథలో ఉన్నవే.

6. సేకరణకు సంబంధించిన ఒక సమస్య

గొలుసు కథలను అచ్చులో చూసినప్పుడు పునరుక్తులను కుదించడం సంకలనకర్తలకు అలవాటు. ‘ఇలాగే అందరినీ అడిగాక’ అన్న ఒక్క మాటతో నాలుగు లంకెలు దాటిపోతాయి. చదివే పెద్దలకు అది సౌకర్యం. పిల్లలకు కథ అంటే ఆ నాలుగు లంకెలే. తరువాతి పేరు తల్లి కంటె ముందు తాను చెప్పడంలోనే వారి ఆనందం ఉంది. క్షేత్ర పరిశోధకులు పాఠంతో పాటు వినే పిల్లలు ఎక్కడ గొంతు కలిపారో, ఏ లంకె వద్ద తడబడ్డారో, చీమ జవాబు తరువాత చెప్పేవారు ఆగిపోయారో లేక పిల్లవాడి అరచేతిలో వేలితో గిల్లారో కూడా నమోదు చేయవలసి ఉంది. గిల్లినప్పుడు కథలోని పిల్లవాడు వినే పిల్లవాడే అవుతాడు. ఆ క్షణాన్ని ఏ సూచికా సంఖ్యా పట్టుకోదు.