అరబ్బు సమాజాల్లో ఆరోగ్య పరిశోధన: సమ్మతి, ఏకాంతం, విశ్వాసం

రోగుల అనుభవాలను అంకెల్లో కాక వారి మాటల్లోనే సేకరించి విశ్లేషించే పద్ధతిని గుణాత్మక పరిశోధన అంటారు. దీనికి ముఖాముఖి సంభాషణే ఆధారం కాబట్టి, భయం వల్లనో బిడియం వల్లనో ఎదుటివారు దాచిన విషయాన్ని ఆ తర్వాత ఎంత నిశితంగా విశ్లేషించినా రాబట్టలేరు. అందువల్ల అరబ్బు సమాజాల్లో పనిచేసే పరిశోధకులు స్థానిక ఆచారాలను ఎరిగి మెలగకపోతే వారు సేకరించిన సమాచారమే నమ్మదగనిదవుతుంది.

పరిశోధన ఉద్దేశాన్నీ, దానివల్ల కలగగల ఇబ్బందులనూ తెలుసుకున్న వ్యక్తి స్వేచ్ఛగా ఇచ్చే సమ్మతి తప్పనిసరి అన్నది ప్రపంచ వైద్య సంఘం 1964లో ఆమోదించి, అనంతరం పలుమార్లు సవరించిన హెల్సింకి ప్రకటనలోని ప్రధాన సూత్రం. అయితే ఏళ్ల తరబడి గూఢచారి పోలీసుల నిఘాలో బతికి, 2011లో మొదలైన సంఘర్షణ వల్ల జోర్డాన్, లెబనాన్‌లకు తరలివెళ్లిన సిరియన్లకు, సంతకం పెట్టమన్నా గొంతు రికార్డు చేస్తామన్నా ఆ వివరాలు ఎవరి చేతికి చిక్కుతాయోనన్న అనుమానం కలగవచ్చు. అలాంటి చోట, పరిశోధనల మంచిచెడ్డలను పరిశీలించే నైతిక సంఘం అనుమతితో నోటిమాటగా సమ్మతి తీసుకుని, సంభాషణను చేతిరాతతో నమోదు చేసుకునే మార్గం ఉంది.

ఇంటికి వెళ్లి మాట్లాడేటప్పుడు ఇచ్చిన కాఫీనో టీనో స్వీకరించి, పెద్దలను పలకరించి, కుశల ప్రశ్నలయ్యాకే అసలు విషయానికి రావడం నమ్మకాన్ని పెంచుతుంది. చాలా కుటుంబాల్లో వైద్య నిర్ణయాలు అందరూ కలిసి తీసుకుంటారు గనుక స్త్రీతో మాట్లాడేటప్పుడు భర్తో అత్తగారో పక్కన కూర్చోవడం మామూలే. కానీ కుటుంబం ఒప్పుకున్నంత మాత్రాన అది ఆమె సమ్మతి కాదు. కాన్పులు, గర్భనిరోధం, గృహహింస వంటి విషయాలను స్త్రీలే, ఏకాంతంలో అడిగే ఏర్పాటు ఉండాలి.

మానసిక వ్యాధి పెళ్లి సంబంధాలకు అడ్డవుతుందన్న భయంతో దాన్ని కప్పిపుచ్చే కుటుంబాలు కొన్ని ఉంటాయి. మనోవేదనను ఛాతీ బిగుతుగానో తలనొప్పిగానో నీరసంగానో చెప్పుకునేవారూ ఉంటారు. ప్రశ్నలు గ్రాంథిక అరబ్బీలో ఉంటే ఇటువంటి మాటలు బయటికి రావడం కష్టం. మొరాకో వాడుకభాష ఇరాకీయులకు సులువుగా అర్థం కాదు కాబట్టి ప్రశ్నావళిని ఆయా ప్రాంతాల వాడుకలోకి మార్చి, ముందుగా కొద్దిమందిపై పరీక్షించాలి.

అరబ్బు సమాజాలన్నీ ఒకే తీరువి కావు: అరబ్బు దేశాల కూటమి అయిన అరబ్ లీగ్‌లో 22 సభ్య దేశాలున్నాయి; ఈజిప్టులోని కాప్టులు, లెబనాన్‌లోని మారొనైట్లు క్రైస్తవులు. రంజాన్ ఉపవాసాలను, నమాజు వేళలను దృష్టిలో పెట్టుకుని సమయం నిర్ణయించడం ఎంత అవసరమో, ప్రతి అరబ్బునూ ముస్లింగా భావించకపోవడమూ అంతే అవసరం. ఆచారాల పట్టికను అందరికీ ఒకే తీరుగా వర్తింపజేయకుండా, స్థలం, సమయం, భాష, పక్కన ఎవరుండాలన్నది పాల్గొనేవారినే విడిగా అడిగి తెలుసుకున్నప్పుడే అది వారి పట్ల గౌరవమూ, పరిశోధనకు బలమూ అవుతుంది.