నాడి డెబ్బది రెండేనా?

“గుండె నిమిషమునకు 72 సార్లు కొట్టుకొనును.” ఈ వాక్యమును చిన్నతరగతులలో కంఠస్థము చేయనివారు మనలో తక్కువ. పరీక్ష వరకు దీనితో ఏ ఇబ్బందియు లేదు. కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులను ఎవరి నాడిని వారే లెక్కించుకొనుడని చెప్పినప్పుడే చిక్కు వచ్చును. ఒకడు 58 అనును. ప్రక్క బల్ల వద్ద నున్న అమ్మాయి 91 అనును. సరిగా 72 వచ్చినవారు ఎందరని చూచినచో చేతివ్రేళ్ళు ఎక్కువగును. తక్కినవారి ముఖములలో ఒకటే ప్రశ్న: “సార్, నాకేమైన జబ్బా?”

72 అనునది సగటు మాత్రమే. సగటును పట్టుకొని ఒక మనిషి ఆరోగ్యమును నిర్ణయించుట, ఊరివారి పాదముల సగటు కొలత తీసి అందరికి ఒకే కొలత చెప్పులు కుట్టించుట వంటిది.

పెద్దవారికి విశ్రాంతిలో 60 మొదలు 100 వరకు సహజమని వైద్యులు చెప్పుదురు. ఇదియు ప్రకృతి గీచిన గీత కాదు; వాడుక కొరకు గుండ్రని అంకెలతో ఏర్పరచుకొన్న హద్దు. 59 వచ్చినవాడు రోగియు కాడు, 61 వచ్చినంతమాత్రమున ఆరోగ్యవంతుడును కాడు. పసిపిల్లల లెక్క వేరు. అప్పుడే పుట్టిన బిడ్డ గుండె 120, 140 సార్లు కొట్టుకొనుట మామూలే. పెరిగినకొలది అది తగ్గుచు వచ్చును.

ఈ హద్దు ఇంత వెడల్పుగా ఉండుటకు కారణము గుండెను నడుపు ఏర్పాటులోనే ఉన్నది. కుడి కర్ణిక గోడలో, పై మహాసిర వచ్చి కలియు చోట, ఒక చిన్న కణసముదాయము కలదు. దీనిని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను ఇద్దరు వర్ణించిరి. ప్రతి స్పందనకు ఆజ్ఞ ఇక్కడనుండియే బయలుదేరును గనుక దీనికి లయారంభకము అని పేరు. దీని మానాన దీనిని విడిచినచో, యువకులలో నిమిషమునకు 100కు అటునిటుగా కొట్టించును. కాని మెదడునుండి దిగివచ్చు వేగస్ నరము దీనికి కళ్ళెమువలె పనిచేయును. సహానుభూత నరములు కొరడావలె పనిచేయును. విశ్రాంతిలో కళ్ళెము బిగిసియుండును, కావుననే మన నాడి నూరునకు క్రిందుగా ఉండును. ఇది ఊహ కాదు. 1967లో కేప్‌టౌన్‌లో మొదలైన గుండె మార్పిడి చికిత్సలో ఈ నరములు తెగిపోవును. అట్లు అమర్చిన క్రొత్త గుండె విశ్రాంతిలో సైతము 90 మొదలు 110 వరకు కొట్టుకొనుచుండును.

ఇక రెండవ సంగతి, రక్తపు లెక్క. విశ్రాంతిలో శరీరమునకు నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తము కావలెను. గుండె ఒక్కసారికి 70 మిల్లీలీటర్లు పంపినచో 72 సార్లు కొట్టుకొనవలెను. దూరపు పరుగులు సాధన చేసినవాని గుండె పెద్దదై ఒక్కసారికి 100 పంపగలిగినచో 50 సార్లు చాలును. పెద్ద బిందెతో నీళ్ళు తెచ్చువాడు బావికి తక్కువ సార్లు పోవును గదా! అందుచేత ఆటగాని నాడి 50 అయినను ఆందోళన అక్కరలేదు. సాధన ఎరుగని ముసలివానికి అదే 50 వచ్చి, దానితో కళ్ళు తిరుగుటయు, స్పృహ తప్పుటయు ఉన్నచో, లయారంభకము ఆజ్ఞ క్రింది గదులకు సరిగా అందుటలేదేమో చూడవలెను. అంకె ఒక్కటే, అర్థములు రెండు.

దీనికి ఎదురు ఉదాహరణము మన ఇండ్లలోనే ఉన్నది. రక్తహీనతలో బిందె నిండుగానే ఉండును గాని అందులోని సరుకు, అనగా ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిన్, తక్కువ. కాబట్టి గుండె ఎక్కువ సార్లు పోయి రావలెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అట్టి ఇల్లాలికి నాడి 94 వచ్చినదనుకొందము. “నూరు లోపే గదా” అని ఇంటివారు ఊరకుందురు. మెట్లెక్కిన ఆయాసమును పని ఎక్కువై వచ్చినదని ఆమెయు సరిపెట్టుకొనును. హద్దులోని అంకె చేయు కీడు ఇదే. థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసినను, జ్వరము వచ్చినను, ఎండలో ఒంటి నీరు తగ్గినను నాడి హెచ్చును.

కావున మనము ఎరుగవలసినది లోకుల అంకె కాదు, మన అంకె. 2020లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 92 వేల మందికి పైగా మణికట్టు యంత్రములతో కొలిచిన నాడిని పోల్చి చూచిరి. మనిషికి మనిషికి తేడా మిక్కిలి ఎక్కువ. ఒకే మనిషిలో వారమునకు వారమునకు తేడా మాత్రము సాధారణముగా కొద్దిపాటిదే. ఎప్పుడును 62 ఉండువానికి కారణము తెలియక కొన్ని వారములుగా 80 వచ్చుచున్నచో, అది హద్దులోనిదే అయినను విచారింపదగినదే.

లెక్కించుట సులభమే గాని అందులో పొరపాట్లు సులభము. కాఫీకి ముందు, చుట్టయో బీడీయో ముట్టకముందు, ఐదు నిమిషములు కదలక కూర్చుండవలెను. మణికట్టువద్ద బొటనవ్రేలి వైపున చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఆనించవలెను. బొటనవ్రేలితో పట్టరాదు, దాని నాడియే మనకు తగిలి మోసపుచ్చును. 15 సెకండ్లు లెక్కించి నాలుగుతో హెచ్చించుట చాలమంది అలవాటు. ఒక దెబ్బ తప్పినచో లెక్కలో నాలుగు తప్పును! నిండు నిమిషము లెక్కించుటయే మేలు. ఈ పనికై ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ అను వైద్యుడు సరిగా ఒక నిమిషమే నడచు గడియారమును చేయించి, 1707లో దానిపై పుస్తకము ప్రకటించెను. ఈనాడు వ్రేలికి తగిలించు చిన్న యంత్రములు 2020, 2021 కోవిడ్ దినములలో అనేక గృహములకు చేరినవి. అందులో రెండవ అంకె నాడియే.

అయితే యంత్రపు అంకెలో లయ కనబడదు. వ్రేళ్ళ క్రింద అది తెలియును. ఊపిరి పీల్చినప్పుడు కొంచెము వడిగాను, విడిచినప్పుడు నెమ్మదిగాను నడచుట పడుచువారిలో సహజము. ఏ వరుసకును అందక చిందరవందరగా కొట్టుకొను నాడి అట్టిది కాదు. వయసు మీరినవారిలో ఇది కర్ణికల కంపనము కావచ్చును; అందువలన రక్తము గడ్డకట్టి మెదడుకు పోయి పక్షవాతము రావచ్చును. 76 అను చక్కని అంకె వెనుక కూడ ఇది దాగియుండవచ్చును. ఇ.సి.జి. తీయించినగాని తేలదు.

విశ్రాంతిలో మాటిమాటికి నూరు దాటుచున్నను, తక్కువ నాడితో నీరసమున్నను వైద్యునికి చూపవలెను. రొమ్ములో నొప్పియో, స్పృహ తప్పుటయో తోడైనచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. రక్తపోటుకో గుండెకో అటెనలాల్, మెటప్రొలాల్ వంటి మాత్రలు వాడువారికి నాడి తగ్గుట ఆ మందు గుణమే. అంకె చూచి భయపడి తామే మందు మానరాదు. హఠాత్తుగా మానుట అపాయకరము.

ఒక వారము ఉదయపు అంకెలను కేలండరుపై వ్రాసి పెట్టుకొని, వైద్యుని వద్దకు పోవునపుడు వెంట తీసికొనిపోవుట మంచిది. అక్కడ కుర్చీలో కూర్చుండగనే చాలమందికి నాడి హెచ్చును గనుక, ఇంట వ్రాసిన అంకెలు ఆయనకు ఎక్కువ పనికివచ్చును.